న్యాన్ వెల్లకిలా పడుకుంది

పాట విషయంలో న్యాన్‌కి వంక పెట్టగలిగినవాళ్ళు నదికి ఇవతల లేరు, అవతలా లేరు. వచ్చిన చిక్కల్లా పడక దగ్గరే. ఆ పిల్ల పక్కకి తిరిగి పడుకుంటుంది. పదహారేళ్ళ పిల్ల ఎటు తిరిగి పడుకుంటే ఎవరికేం పోయింది అంటారేమో. మామూలు రోజుల్లో ఏమీ పోదు. పళ్ళకు నల్లరంగు వేయించుకునే రోజుల్లో మాత్రం పరువే పోతుంది.

ఆ రంగు పట్టించడం ఆషామాషీ వ్యవహారం కాదు. లక్కపొడిని నిమ్మరసంలో నానబెట్టి, ముద్ద చేసి, సన్నగా చీల్చిన ఆకు మీద పూసి, పడుకోబోయే ముందు పళ్ళకి అంటించాలి. ఇక తెల్లవారేదాకా ముఖం ఇంటికప్పుకేసి పెట్టుకుని కదలకుండా పడుకోవాలి. పక్కకి తిరిగితే ఉమ్మంతా ఆ బుగ్గలో చేరుతుంది, ఆకు జారుతుంది, రంగు ఊడుతుంది. ఆ రోజుల్లో నమలడమన్నది లేదు, చల్లారిన గంజి గొంతులో పోసుకోవడమే. ఎరుపు పట్టాక నలుపు, నలుపు మీద కొబ్బరిచిప్ప కాల్చి తీసిన జిడ్డు. అన్నీ కుదిరితే పళ్ళు సీతాఫలం గింజల్లా నిగనిగలాడతాయి. కుదరకపోతే ఆ నోరు చెయ్యి అడ్డం పెట్టుకుని తప్ప తెరవడానికి ఉండదు.

న్యాన్‌కి రెండుసార్లు కుదరలేదు. రెండుసార్లూ ఎడమవైపే పోయింది.

రెండోసారి పోయిన పొద్దున ఖియెత్ బామ్మ పిల్లలందరి ముందూ న్యాన్‌ని వాకిట్లో నిలబెట్టింది. బామ్మది పాటల ఇల్లు. ఊళ్ళో పాడే ఆడపిల్లలంతా ఎనిమిదో తొమ్మిదో ఏడు రాగానే రాత్రిళ్ళు ఆ ఇంట్లోనే పడుకుంటారు. పాట అక్కడే నేర్చుకుంటారు, జోడీ అక్కడే కుదురుతుంది. వీళ్ళ పాటలో ఒంటరి గొంతుకి చోటు లేదు. ఒకరు ముందుండి నడిపిస్తే ఇంకొకరు ఆ గొంతు కిందినుంచి దారంలా దూరిపోవాలి, వినేవాళ్ళకి ఒక్క మనిషే పాడినట్టుండాలి. నడిపించే గొంతు లువాది. కిందినుంచి దూరేది న్యాన్‌ది.

"నోరు తెరువు," అంది బామ్మ.

న్యాన్ తెరిచింది.

"కుడివైపు పెళ్ళికూతురు, ఎడమవైపు తెల్లపళ్ళ కుక్కపిల్ల. ఏం ముయీ, ఏమిటిది?"

రంగు వేసే ముయి అప్పటికే డబ్బాలు బుట్టలో సర్దుకుంటోంది. "నా లక్కలో లోపం లేదమ్మా. ఇదే లక్క లువాకి వేశాను, ఒక్కసారికే పట్టింది. ఈ పిల్లకి పడుకోవడం రాదు. పడుకోవడం నేను నేర్పలేను, నాకు రంగు వేయడమే వచ్చు."

"హనోయిలో ఆడపిల్లలు తెల్లపళ్ళతోనే తిరుగుతున్నారట బామ్మా," అంది న్యాన్. పట్టుబడ్డప్పుడే దానికి నోరు లేస్తుంది.

"తిరగనీ. పాడుతున్నారా?"

న్యాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బామ్మ తమలపాకు బుగ్గన పెట్టుకుని, తొందరేమీ లేకుండా నమిలి, అప్పుడు చెప్పింది. ఏడాది చివర వంటింటి దేవుణ్ణి స్వర్గానికి సాగనంపాక ముయి ఇంకొక్కసారి వస్తుంది. అప్పటికీ పట్టకపోతే, కొత్త సంవత్సరంలో లిమ్ గుట్ట జాతరకి న్యాన్ రాదు. చచ్చుపళ్ళ పిల్లని అవతలి ఊరి మగబృందం ఎదుట కూర్చోబెట్టి తలదించుకోవడం ఆవిడ వల్ల కాదు. లువా పక్కన తామ్ కూర్చుంటుంది.

ఆ మాటకి ముయి కూడా బుట్ట సర్దడం ఆపింది. ఎందుకంటే లిమ్ గుట్ట మీద అతిథుల ఎదుట ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే జీవితాంతం వాళ్ళదే జోడీ. పెళ్ళిళ్ళయినా, పిల్లలు పుట్టినా, ఒకరు పోయేదాకా ఆ జోడీ మారదు. ఒకరు పోతే రెండోవారు ఇక పాడరు.

లువా అదిరిపోలేదు. అదిరిపోయే రకం కాదు. పదిహేడేళ్ళకే తన గొంతు మీదా, తన పళ్ళ మీదా, తన మాట మీదా ఆమెకి అపారమైన నమ్మకం.

"నేను నేర్పుతాను బామ్మా," అంది.

"ఏమిటి, పాటా?"

"పడుకోవడం."

ఆడపిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ముయి కూడా నవ్వింది. లువా మాత్రం నవ్వలేదు. తొమ్మిదేళ్ళ వయసునుంచీ న్యాన్ పక్కనే పడుకుంటోంది తను. చలికాలం గడ్డిపరుపులో ముక్కూ ముక్కూ తగిలేలా ఎదురెదురుగా పడుకుని, నిద్ర ముంచుకొచ్చేదాకా ఒకరి ముఖంలోకి ఒకరు సన్నగా రాగం తీసుకుంటూ పెరిగారు ఇద్దరూ. బామ్మ ఇంట్లో జోడీలన్నీ అలా తయారైనవే. అంత దగ్గరగా ఎరిగిన పిల్లకి వెల్లకిలా పడుకోవడం నేర్పలేకపోతే తనెందుకు?

ఆ సాయంత్రమే చదువు మొదలైంది. లక్క బదులు గంజి పూసిన ఆకుముక్క. "ఇది పొద్దున్నదాకా నీ పళ్ళమీదే ఉండాలి. ఉంటే నువ్వు మనిషివి, లేకపోతే పిల్లివి," అంది లువా.

"పిల్లి హాయిగా పడుకుంటుందక్కా."

"పిల్లిని లిమ్ గుట్టకి పిలవరు. పడుకో."

మొదట ఊకబస్తాలు తెచ్చి న్యాన్‌కి రెండువైపులా గోడల్లా పేర్చింది. పొద్దున్నకి ఎడమవైపు బస్తా పరుపు కిందికి పోయింది, దాని మీద న్యాన్ బుగ్గ ఉంది. తర్వాత జడని వెదురు గుంజకి కట్టింది. పొద్దున్నకి గుంజ వంగింది గానీ పిల్ల మాత్రం పక్కకే తిరిగి ఉంది. ముళ్ళకంప పక్కలో పెట్టింది. న్యాన్ ముళ్ళమీదే నిద్రపోయింది, లేచాక బుగ్గ చూసుకుని "నాకు మశూచి వచ్చిందా?" అని అడిగింది. ఊరికి ఆ ముళ్ళబుగ్గ కథ కొత్త సంవత్సరం పండుగదాకా సరిపోయింది.

ఇంత చేస్తూ కూడా లువా తన కర్తవ్యం మరిచిపోలేదు. మనసు కుదుటపడితే మనిషి కదలడు కదా అని, ఎప్పటికంటే దగ్గరగా, న్యాన్ ఎడమపక్కనే పడుకుని, ఎప్పటికంటే ఎక్కువసేపు రాగం తీసి నిద్రపుచ్చింది. పొద్దున్నే ఆకుముక్క వెతుక్కోవాల్సి వచ్చేది. ఒకసారి లువా చేతిమడతలో దొరికింది, ఒకసారి జుట్టులో, ఇంకోసారి ఏకంగా లువా చెంపకి అంటుకుని ఉంది.

"అక్కకే రంగు వేస్తోందర్రా!" అని తామ్ అరిచింది. ఇల్లంతా గొల్లుమంది. అందరితోపాటు లువా కూడా నవ్వి, ఆ ఆకుముక్కని విసిరిపారేసింది. అది అన్నిసార్లూ తన మీదే ఎందుకు దొరుకుతోందో ఆలోచించలేదు. తన మీద అంత నమ్మకం ఉన్నవాళ్ళకి అలాంటి ఆలోచనలు తొందరగా రావు.

ఒకరోజు మధ్యాహ్నం బామ్మ లువాని, తామ్‌ని పక్కపక్కన కూర్చోబెట్టింది. "ఎందుకైనా మంచిది, ఒక పాట అందుకోండి."

లువా అయిష్టంగా అందుకుంది. తామ్ బిగుసుకుపోయి కూర్చుంది గానీ, గొంతు మాత్రం సరైన చోట కలిపింది. పాడిన కొద్దీ బాగా కలిసింది. అసలు బాధ అదే. ఘోరంగా ఉంటే నవ్వి లేచిపోవచ్చు. బావుంది.

"బాగానే ఉంది," అంది బామ్మ.

న్యాన్ గడప దగ్గర బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. ఏరిన రాళ్ళనే మళ్ళీ బియ్యంలో వేస్తోందని లువా చూసింది. ఆ రోజు మొదటిసారి ఆమెకి గుండె జారింది. ఈ పిల్ల లేకుండా తను పాడగలదు, అందరూ మెచ్చుకుంటారు, జీవితాంతం అలా గడిచిపోతుంది కూడా. 

తామ్ వెనకాలే వచ్చి, "నేను అడగలేదక్కా, బామ్మే కూర్చోమంది," అంది.

"నీ తప్పేం లేదులే. గొంతు బాగుంది. ఊపిరి మాత్రం ముందే అయిపోతోంది నీకు," అంది లువా. ఆ మాట కావాలనే అంది. ఊపిరి అంత త్వరగా ఏమీ అయిపోలేదు.

సంగతి బయటపడింది పేల దువ్వెన దగ్గర.

ముయి రావడానికి ఇంకా కొద్దిరోజులే ఉంది. చలికాలం ఎండ వాకిట్లోకి నిండుగా దిగింది. న్యాన్ వెదురుమంచం మీద పడుకుని జుట్టు మంచం తలాపు నుంచి కిందికి జారవిడిచింది. లువా ఆమె తల వెనకాల పీట వేసుకుని పేలు తీస్తూ, చేతులు పనిలో ఉన్నప్పుడు ఎప్పుడూ తీసే రాగమే తీస్తోంది. న్యాన్ నిద్రపోయింది. వెల్లకిలా. చేతులు పొట్ట మీద, ముక్కు ఆకాశంకేసి, నోరు బుద్ధిగా మూసుకుని.

లువాకి ఒళ్ళు మండింది. 'పగలు పడుకోమంటే వచ్చు, రాత్రి పడుకోమంటే రాదు!'

అంతలో తామ్ బావి దగ్గర నుంచి బుట్ట అందుకోమని కేకేసింది. లువా రాగం ఆపకుండానే లేచి మంచానికి ఎడమపక్క నుంచి నడిచింది. నిద్రలోనే న్యాన్ ముఖం ఎడమకి తిరిగింది. వెనకాలే భుజం, ఆ తర్వాత మోకాళ్ళు.

లువా నిలబడిపోయింది. రాగం ఆపలేదు. ఎందుకో మంచం చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళింది. న్యాన్ మూలిగి, కాళ్ళు ఈడ్చుకుని, కుడికి తిరిగింది. లువా మళ్ళీ తలాపు దగ్గరికి వచ్చి పీట మీద కూర్చుంది. కాసేపటికి పిల్ల మెల్లగా సర్దుకుని వెల్లకిలా అయిపోయింది.

"బుట్ట తెస్తున్నావా, లేక మంచానికి ప్రదక్షిణాలు చేస్తున్నావా?" అని అరిచింది తామ్.

 ఊకబస్తాలు, గుంజ, ముళ్ళకంప అన్నీ ఒక్కొక్కటే లువా కళ్ళముందు తిరిగాయి. ఎడమపక్క పడుకున్నది తను. ముఖంలోకి రాగం తీసింది తను. పిల్ల పాపం ఎన్నేళ్ళుగానో నేర్చుకున్నదాన్ని చక్కగా చేస్తోంది, గొంతు ఎటుంటే అటు తిరుగుతోంది. ముయి వేసిన రంగు రెండుసార్లూ ఊడగొట్టింది తనే. నేర్పుతానని అందరి ముందూ కోతలు కోసిందీ తనే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కానీ ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు, వెనకాలే నవ్వొచ్చింది. రోగం తెలిశాక మందు కష్టం కాదు.

పేల దువ్వెన చేతిలో ఉండగానే బామ్మ దగ్గరికి పరిగెత్తింది. "బామ్మా, దాన్ని తిప్పుతున్నది నేనే!"

బామ్మ అంతా విని, కాసేపు దవడ ఆడించింది. "అయితే ఇంకేం, ఆ నాలుగు రోజులూ నువ్వు మీ అమ్మ దగ్గర పడుకో."

"నేను లేకపోతే దానికి నిద్రే పట్టదు. మెలకువగా ఉంటే గుటకలు వేసి లక్కంతా మింగుతుంది. నేను దాని తలాపున పడుకుంటాను. మాడుకి మాడు ఆనించి, కాళ్ళు అటూ ఇటూ పెట్టుకుని."

"ఈ ఇంట్లో జోడీలు ఎదురెదురుగానే పడుకుంటాయి. మా అత్తగారి నాటినుంచీ అదే పద్ధతి." బామ్మ గొంతు గట్టిపడింది. "ఒకళ్ళ పెదవులు ఒకళ్ళు చూసుకోకపోతే గొంతులు విడిపోతాయే. పళ్ళు నల్లబడి గొంతులు విడిపోతే నాకేం లాభం? అప్పటికప్పుడు తామ్ కూడా అక్కరకి రాదు. ఈ ఏడు మన ఊరి పాటే ఉండదు."

అది నిజమే. లువాకి ఆ సంగతి తెలుసు. తెలిసే చెప్పింది.

"మా గొంతులు విడిపోవు."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నాను."

బామ్మ ఆమెని పైనుంచి కిందికి చూసింది. "పొగరు," అంది. కానీ కాదనలేదు.

ముయి వచ్చి, న్యాన్ పళ్ళు బొగ్గుపొడితో తోమించి, కొత్త లక్క అంటించి వెళ్ళింది. ఆ రాత్రి ఇద్దరూ గడ్డిలో తలకి తల ఆనించి పడుకున్నారు. జుట్లు చిక్కుపడ్డాయి. న్యాన్ నోరు తెరవకూడదు కాబట్టి ముక్కుతోనే సణిగింది. లువా పైకప్పు వెదుళ్ళు చూస్తూ రాగం తీసింది. ఎదురుగా ముఖం లేకుండా పాడటం బావిలోకి పాడినట్టుంది. మెడ పట్టేసింది. ఎలుక పరిగెడితే చూడ్డానికి తిరిగే వీలు లేదు. అయినా కాసేపటికి మాడులోంచి సన్నటి వణుకు తెలిసింది. న్యాన్ నోరు మూసుకునే కిందినుంచి కలుపుతోంది. చెవికి కాదు, నేరుగా ఎముకకి వినిపించింది.

తెల్లారి ముయి ఆకు తీసి చూసి, "ఇదెవరమ్మా, కొత్త పిల్లని తెచ్చారా?" అంది. ఆకు పెట్టినచోటే ఉంది. మర్నాడూ ఉంది. ఎరుపు సమంగా పట్టింది, దాని మీద నలుపు ఎక్కింది, చివరికి కొబ్బరిజిడ్డు రాశాక న్యాన్ నీళ్ళతొట్టిలో తన నవ్వు చూసుకుంటూ అన్నం సంగతే మరిచిపోయింది. నమలడానికి అనుమతి దొరికిన రోజున మాత్రం మూడు పూటలది ఒకే పూట తింది.

లిమ్ గుట్ట మీద నదికి అవతలి ఊరి మగబృందం తలపాగాలతో, మడత నలగని నల్లకోటులతో ఎదురుగా చాపలమీద కూర్చుంది. ఆడపిల్లలు తమలపాకు చిలకలు అందించారు. లువా, న్యాన్ పక్కపక్కన కూర్చున్నారు. ఒళ్ళో విశాలమైన తాటాకు టోపీలు, చూపులు చాప మీద. గుట్ట మీద జనం గోలగోలగా ఉన్నారు. వెనక కూర్చున్న బామ్మ తమలపాకు నమలడం ఆపేసిందని లువాకి తల తిప్పకుండానే తెలిసింది.

అప్పుడు భయమేసింది. తలకి తల ఆనించి పడుకున్న ఆ రాత్రుల తర్వాత ఇద్దరూ నిండుగొంతుతో కలిసి పాడింది లేదు. లక్క ఘాటుకి నోట్లో పడ్డ పుండు మానేదాకా న్యాన్‌ని బామ్మ పాడనివ్వలేదు. అతిథుల ఎదుట గొంతులు విడిపోతే న్యాన్‌తో జోడీ పోతుంది, ఊరి పాట పోతుంది, అదంతా తన పొగరు ఖాతాలోనే పడుతుంది. న్యాన్ పెదవుల వైపు ఒక్కసారి చూసుకుంటే బాగుండుననిపించింది. చూడలేదు. కళ్ళు మూసుకుని, పైకప్పు వెదుళ్ళు తలుచుకుని, పాట అందుకుంది.

మొదటి పాదంలో తన గొంతొక్కటే వినిపించింది. రెండో మాట దగ్గర ఏదో తేడా. గొంతు ఉన్నట్టుండి వెడల్పయింది, కింద ఎవరో చెయ్యి ఆనించినట్టు నిలబడింది. న్యాన్ ఎప్పుడు దూరిందో నడిపిస్తున్న తనకే తెలియలేదు. ఊపిరి ఎక్కడ తీసుకుందో అంతకన్నా తెలియలేదు. చుట్టుపక్కల జనం గోల ఆగిపోయింది.

పాట అయ్యాక అవతలి బృందం పెద్దాయన వంగి నమస్కరించాడు. "ఇద్దరు అక్కలు కూర్చున్నారు, పాడింది మాత్రం ఒక్కరే. ఆ పాడినవారెవరో చెబితే మా తమ్ముళ్ళు జవాబు పాడతారు."

న్యాన్ ఆగలేక నవ్వేసింది. సీతాఫలం గింజలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. మగపిల్లల్లో ఒకడు పాడాల్సిన పల్లవి మరిచిపోయాడు. వెనక బామ్మ దవడ మళ్ళీ ఆడటం మొదలైంది. బాగుందని గానీ బాలేదని గానీ అనలేదు. మర్నాడు ఇంటికి వెళ్ళేదారిలో తామ్‌ని పిలిచి, నీకు వేరే జోడీ వెతకాలే అంది, అంతే.

రాత్రంతా పాడి, పొద్దెక్కాక ఊరు చేరారు. మధ్యాహ్నం ఎండలో పాటల ఇల్లంతా గుర్రు పెట్టి పడుకుంది. గడ్డిపరుపులో న్యాన్ తన చోట్లో వాలిపోయింది. ఇక తలాపున పడుకునే పని లేదు కాబట్టి లువా తన పాతచోటుకే, న్యాన్ ఎడమపక్కకే, హాయిగా దొర్లింది. ముఖం ఆమెకేసి పెట్టుకుని, సన్నగా రాగం తీసి, ఎదురుచూసింది.

న్యాన్ తిరగలేదు. ముక్కు కప్పుకేసి, చేతులు పొట్ట మీద.

లువా ఇంకాస్త గట్టిగా తీసింది. అయినా తిరగలేదు. ఎన్నేళ్ళుగానో నిద్రపోయే ముందు చివరగా చూసిన ముఖం అది. ఇప్పుడు ఒక చెవీ, ఒక బుగ్గా మాత్రమే కనిపిస్తున్నాయి. లువాకి ఏడుపొచ్చింది. గెలిచినదానికి ఏడుపేమిటని తన మీద తనకే కోపం కూడా వచ్చింది.

"ఒసే, ఇటు తిరగవే. రంగు గట్టిపడిపోయింది, ఇంక ఊడదు."

"రావట్లేదక్కా," అంది న్యాన్ కళ్ళు తెరవకుండానే. "తిరిగితే ఊపిరాడట్లేదు. నువ్వే కదా నేర్పావు."

"నేర్పింది చాల్లే, మరిచిపో."

"నువ్వు తియ్యి. వింటూనే ఉన్నా." ఆమె చెయ్యి పొట్ట మీంచి లేచి, తడుముకుంటూ వచ్చి, లువా చెవి పట్టుకుంది. అలాగే పట్టుకుని కిందినుంచి రాగం కలిపింది.

లువా తనూ వెల్లకిలా పడుకుని చూసింది. అంతమందికి గొప్పలు చెప్పుకున్న విద్యే. వెదుళ్ళు చూసింది, కళ్ళు మూసుకుంది, బిగబట్టింది. లాభం లేదు. మళ్ళీ మళ్ళీ కుడికి తిరిగి, చివరికి ముక్కు న్యాన్ చెవికి ఆనించాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

పొద్దు వాలాక బామ్మ లేపడానికి వచ్చింది. ఒకతె కర్రలా వెల్లకిలా, ఒకతె పిల్లిలా పక్కకి. సగం నిద్రలో ఉన్న లువాకి బామ్మ గొంతు వినిపించింది.

"ఇప్పుడు దీనికి నేర్పాలి కాబోలు."

లువా కదలలేదు. తన పళ్ళు ఎప్పుడో నల్లబడ్డాయి. తను ఎటు తిరిగి పడుకున్నా అడిగేవాళ్ళు లేరు.